పండక్కి సెలవిచ్చారు, హాలుకు తాళమేశారు



మొన్న ఏప్రిల్ 14న మా బళ్ళో తొమ్మిదో తరగతి చదివే పిల్లలు పదకొండు మందిని వెంటబెట్టుకుని మా జిల్లా యూనివర్సిటీకి పోయాం. ఆర్టీసీ బస్సులో గంటన్నర ప్రయాణం. అంతా పల్లె పిల్లలే. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఆ తేడా ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ పిల్లల ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. పెద్ద చదువులు చదివే చోటు ఎట్లా ఉంటుందో బాబాసాహెబ్ పుట్టినరోజునాడే కళ్ళారా చూపిద్దామనుకున్నాం.

మేం పోయేసరికి పది దాటింది. విగ్రహం మెళ్ళో దండ ఉంది. పెద్ద సార్లు తొమ్మిదిన్నరకే వచ్చి దండేసి, ఫోటో దిగి, కార్లెక్కి వెళ్ళిపోయారట. చెట్టు పక్కన షామియానా కింద ముప్పై నలభై మంది విద్యార్థులు కూర్చున్నారు. షామియానా, కుర్చీలు, మైకు, మజ్జిగ అన్నీ వాళ్ళు తలా ఇంత వేసుకున్న చందాలతోనే. కరెంటు గేటు బయట టీ బంకు నుంచి లాగారు. అక్కడికి పది అడుగుల్లో పెద్ద ఆడిటోరియం ఉంది. దానికి తాళం. అడిగితే "ఇవాళ సెలవు కదా, తాళం తీసే మనిషి లేడు" అన్నారట. అంతకు నెల ముందు వార్షికోత్సవాలకు అదే హాలు మూడు రోజులు, రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంది. అప్పుడు తాళం తీసే మనిషి ఉన్నాడు, జనరేటర్ వేసే మనిషీ ఉన్నాడు.

మా పిల్లల్లో ఒకమ్మాయి మమ్మల్ని అడిగింది: "సార్, బాబాసాహెబ్ పుట్టినరోజని సెలవిచ్చారు గదా. మరి పుట్టినరోజు చేసుకుందామని వస్తే హాలుకు తాళం ఎందుకేశారు?"

ఇరవై ఏళ్ళ నుంచి పాఠాలు చెబుతున్నాం. ఆ పిల్లకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే.

మన తెలుగునాట 2006 నుంచి 2008 మధ్య జిల్లా కేంద్రాల్లో వరసగా యూనివర్సిటీలు లేచాయి. కడపలో యోగి వేమన, రాజమండ్రిలో ఆదికవి నన్నయ, నిజామాబాద్‌లో తెలంగాణ, నల్గొండలో మహాత్మా గాంధీ, మచిలీపట్నంలో కృష్ణా, నెల్లూరులో విక్రమ సింహపురి, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, శ్రీకాకుళంలో బాబాసాహెబ్ పేరు మీదే ఒకటి. ఇవి రావడం మంచిదే. హైదరాబాదుకో విశాఖకో పోయి గది తీసుకుని చదివే స్తోమత లేని మన పిల్లలకు ఎమ్మే, ఎమ్మెస్సీ అందింది ఇట్లాంటి చోట్లే. పొద్దున నాట్లకు పోయే తల్లి, సాయంత్రం స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందని అడిగే బిడ్డ: చిన్న యూనివర్సిటీలో సగం కథ ఇదే.

అయితే చిన్న యూనివర్సిటీ అంటే పెద్ద ఊరు లాంటిదే. అందరికీ అందరూ తెలుసు. ఎవరిది ఏ పల్లె, ఎవరికి ఏ కోటాలో సీటొచ్చింది, వారం తిరక్కుండా మెస్సులో వంట మాస్టరుకి కూడా తెలిసిపోతుంది. ఉస్మానియాలోనో హెచ్‌సీయూలోనో అయితే నలుగురు సీనియర్లు, ఒక సంఘం, ఒక కరపత్రం ఉంటాయి. దెబ్బ తగిలితే అరిచే గొంతులుంటాయి. చిన్న చోట ఆ బలగం లేదు. అరిచినవాడి పేరు సాయంత్రానికి హెడ్ బల్ల మీద ఉంటుంది, మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి.

అందుకే చెబుతున్నాం. క్యాంపస్‌లో కులం ఎక్కడుందో చూడాలంటే అడ్మిషన్ రిజిస్టరు చాలదు, పండుగల క్యాలెండర్ చూడండి. జూలై, ఆగస్టుల్లో ఫ్రెషర్స్ డే. "పరిచయం" పేరుతో పూర్తి పేరు, ఇంటిపేరు, ర్యాంకు స్టేజీ మీద చెప్పిస్తారు. అది పరిచయమా, కుల ధృవీకరణ పత్రమా? ఆ తర్వాత వినాయకుడు. హాస్టల్ ముందు పందిరి, వార్డెన్ గారే మొదటి కొబ్బరికాయ. దసరాకి ల్యాబుల్లో ఆయుధ పూజ. మైక్రోస్కోపుకు కుంకుమ బొట్టు పెట్టి మర్నాడు శాస్త్రీయ దృక్పథం మీద సెమినార్. వీటికి ఎవరూ అర్జీ పెట్టరు, ఎవరూ పర్మిషన్ అడగరు. అవి "అందరి పండుగలు". ఫూలే జయంతి, అంబేద్కర్ జయంతి అనేసరికి మాత్రం "మీ ప్రోగ్రాం ఎప్పుడయ్యా?" అంటారు. ఆ "మీ" అనే ఒక్క మాటలోనే ఊరూ పల్లే రెండూ ఉన్నాయి.

ఎన్ఎస్ఎస్ వాళ్ళ ఏడు రోజుల క్యాంపు సంగతీ అంతే. గ్రామసేవ అంటారు. బళ్ళో మకాం, రామాలయం దాకా ఊడవడం, సర్పంచి గారింట్లో భోజనం. పల్లెకు రావడం ఒక పూట, అదీ మనకు శుభ్రత నేర్పడానికి. ఊరి మురుగంతా తరతరాలుగా ఎత్తినవాళ్ళకు చీపురు పాఠం!

మా సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట మేం పీజీ చదివేటప్పుడు వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీకి పేరిచ్చాం. జాబితాలో మా పేరు లేదు. ఊరేగింపు ముందు డప్పు కొట్టడానికి మాత్రం మా గది తలుపు తట్టి మరీ పిలిచారు. "మీవాళ్ళకు బాగా వచ్చు గదా" అని. మా నాయన డప్పు మా రక్తంలో ఉంది, దానికి సిగ్గుపడం. కానీ నోరు వద్దు, చేతులు కావాలన్న పిలుపు అది. మేం పోలేదు. ఆ రాత్రి హాస్టల్ వెనక బండ మీద కూర్చుని మా కోసం మేమే కొట్టుకున్నాం, ఏడుగురం. ఆ ఏడుగురిలో ముగ్గురం ఇప్పుడు పంతుళ్ళం. ఇవాళ అదే డప్పు "జానపద కళ" పేరుతో స్టేజీ ఎక్కింది. కొట్టే మనిషి మాత్రం పాట అయిపోగానే స్టేజీ వెనక మెట్ల మీంచే దిగిపోతున్నాడు. కమిటీలో కుర్చీ ఇంకా ఎక్కలేదు.

"ఇవన్నీ చిన్న విషయాలండీ, ఉద్యోగాలూ ఫెలోషిప్పులూ అడగండి" అని మనవాళ్ళే కొందరంటారు. చిన్న విషయాలు కావు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. కమిటీ కళ్ళు తరగతి గది దగ్గరే ఆగిపోలేదు. హాస్టల్ గదుల్లో, భోజనం బల్లల దగ్గర, ఆటస్థలంలో, సాంస్కృతిక ఉత్సవాల్లో మన పిల్లల్ని ఎట్లా పక్కకు నెడుతున్నారో చూసి రాసింది. రేపటి డాక్టర్లు చదివే చోటే అట్లా ఉంటే మన జిల్లా క్యాంపస్ గురించి చెప్పేదేముంది?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి గుర్తు తెచ్చుకోండి. 2015లో ముజఫర్‌నగర్ మారణకాండ మీద తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకుంటే, హెచ్‌సీయూలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన కార్యక్రమం పెట్టింది. ఆ తర్వాత రేగిన గొడవ చివరికి ఐదుగురు దళిత పరిశోధకుల మీద శిక్షగా వచ్చి పడింది. ఏమిటా శిక్ష? డిపార్ట్‌మెంటుకు రావచ్చు, లైబ్రరీకి రావచ్చు, సెమినార్లో కూర్చోవచ్చు. హాస్టల్లో అడుగు పెట్టకూడదు. పరిపాలనా భవనంలోకి, ఉమ్మడి స్థలాల్లోకి గుంపుగా రాకూడదు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనకూడదు. అంటే ఏమిటి? చదువుకో, కానీ కలవకు. పాఠం విను, పంక్తిలో కూర్చోకు. పల్లెకు ఊరు వేసిన శిక్ష ఇదే కదా! అందుకే ఆ పిల్లలు 2016 జనవరిలో పరుపులూ పుస్తకాలూ బయటేసుకుని తమ మకాముకు వెలివాడ అని పేరు పెట్టారు. అదే నెల 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. వాళ్ళ మీద మూసిన తలుపు తరగతి గదిది కాదు, నలుగురు కలిసే చోటుది. అది చిన్న విషయమంటే ఎట్లా ఒప్పుకుంటాం?

ఇంకో మాట కూడా వినబడుతుంది. "చదువుకోడానికొచ్చారా, సభలు పెట్టుకోడానికొచ్చారా?" అని. ఇది అడిగేవాళ్ళు చరిత్ర చదవలేదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో మనవాళ్ళను ఒక్కచోట కూర్చోబెట్టారు. బడులు ఆ కూటముల వెంటే వచ్చాయి. 1917లో ఆయన అధ్యక్షతన బెజవాడలో జరిగిన మహాసభలోనే మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులమని చెప్పుకున్నాం. ఒక సభ మన పేరే మార్చింది! బాబాసాహెబ్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెడితే అక్కడ విద్యార్థులకు పార్లమెంటు ఉండేది, ఆయనే వచ్చి అందులో మాట్లాడేవారు. లేచి మాట్లాడటం కూడా చదువేనని ఆయనకు తెలుసు.

ఒక యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టడానికే ఎంత నెత్తురు కారిందో మర్చిపోకండి. మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో మహారాష్ట్ర శాసనసభ తీర్మానిస్తే పల్లెల మీద పడి ఇళ్ళు తగలబెట్టారు. పేరు మారింది 1994 జనవరి 14న. పదహారేళ్ళు! మన దగ్గర 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు 1991లో వచ్చింది. ఇన్ని పోరాటాల తర్వాత విగ్రహాలూ పేర్లూ వచ్చాయి. కాదనం. కానీ విగ్రహం బయట ఎండలో ఉంటే, తాళంచెవి ఎవరి జేబులో ఉన్నట్టు?

వాళ్ళను అన్నాక మనల్నీ మనం అనుకోవాలి. లేకపోతే ఈ రాత అబద్ధం.

షామియానా కింద ఆ రోజు మేం చూసిందీ చెబుతాం. ఉపన్యాసాలు అయిదు, అయిదూ మగవాళ్ళవే. ఆడపిల్లలు ముగ్గేశారు, మజ్జిగ పోశారు. సావిత్రీబాయి 1848లోనే పుణేలో బడి నడిపిన మనిషి. జనవరి 3న ఆమె జయంతికీ మనం ఆడపిల్లలకు ముగ్గుల పోటీలే పెడుతున్నాం. మనువు కూడా అంతకంటే ఏం చెప్పాడు?

ఇంకోటి. అదే విగ్రహానికి ఆ రోజు రెండు బ్యాచీలు విడివిడిగా దండలేశాయి. ఒకళ్ళ ఫ్లెక్సీలో ఒకళ్ళు లేరు. వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 1994 నుంచి మాదిగ దండోరా అడిగిన వాటా న్యాయమైనది, అది దక్కాల్సిందే. వాటా పంచుకోవడం అన్నదమ్ముల పని. కానీ వాటా తేలిందని అన్నదమ్ములు పలకరింపు మానేస్తే లాభం ఎవరికి? హాలు తాళం రెండు సగాలుగా విరిస్తే ఏ సగమూ తలుపు తీయదు.

డీజే సంగతి పొడిగించం. రెండు బాక్సుల అద్దెకు పెట్టే డబ్బుతో లైబ్రరీలో లేని పుస్తకాలు ఎన్నొస్తాయో ఆలోచించండి.

ఇప్పుడు చేయాల్సిన పని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. చేరేటప్పుడు ఆటల ఫీజనీ కల్చరల్ ఫీజనీ మన పిల్లల పేరు మీదా కడుతున్నాం. సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. కాబట్టి ప్రతి జిల్లా క్యాంపస్‌లో విద్యార్థులూ, మనలాంటి బయటి ఉద్యమ మిత్రులూ కలిసి ఈ అయిదు అడగాలి:

1. ఏప్రిల్ 11 నుంచి 14 దాకా ఫూలే–అంబేద్కర్ ఉత్సవాలను యూనివర్సిటీ తన ఖర్చుతో, తన హాల్లో, తన పేరుతో జరపాలి. 14 సెలవు రోజైనా హాలు తెరిచే ఉండాలి.

2. ఉత్సవాల కమిటీలో దళిత, ఆదివాసీ విద్యార్థులకు సభ్యత్వం ఉండాలి. అందులో సగం ఆడపిల్లలు ఉండాలి.

3. ఫ్రెషర్స్ డే నాడు ర్యాంకులూ ఇంటిపేర్లూ అడగడం మానాలి.

4. ఏ ఉత్సవానికి ఎంత ఖర్చయిందో ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

5. ఎన్ఎస్ఎస్ క్యాంపు పల్లెలో మకాం వేయాలి. అక్కడ వండుకోవాలి, పల్లెవాళ్ళతో కలిసి తినాలి.

అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటిమాటకు నోటిమాటే జవాబుగా వస్తుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఒక్కడే పోవద్దు, పదిమంది పొండి. చిన్న చోట ఒంటరి పేరే హెడ్ బల్ల మీదికి చేరుతుంది. పది పేర్లు చేరితే అది జాబితా.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది: "సార్, నేను ఇక్కడ చదివేసరికి హాలు తీస్తారా?" ఇంటరు, డిగ్రీ దాటుకుని ఆమె ఆ గేటు దగ్గరికి రావడానికి ఇంకా ఆరేళ్ళు పడుతుంది. "తీయిస్తాం" అన్నాం. పిల్లకు మాటిచ్చిన పంతుళ్ళం. ఆ మాట మేమొక్కళ్ళం నిలబెట్టలేం. మీరూ రండి.

జై భీమ్!