నిర్వాసిత గురువుల మనోవ్యథ

ఈ వారం లేఖను ఢిల్లీ నుంచి గాక పుదుచ్చేరిలోని నెల్లితోపు నుంచి వ్రాస్తున్నాను. ఇక్కడికి కొద్ది మైళ్ల ఉత్తరాన కాలాపట్టులో కేంద్ర విశ్వవిద్యాలయం. అదే దారిలో ఇంకొంత ముందుకు సాగితే కీళ్‌పుత్తుపట్టులో శ్రీలంక శరణార్థుల శిబిరం. ఈ చేరువ నాలో ఒక ప్రశ్న రేపింది: అధ్యాపకులే యుద్ధ నిర్వాసితులైతే వారి గతి ఏమిటి?

ఇది ఆంధ్రులు ఎరుగనిది కాదు. 1942 ఏప్రిల్‌ 6న విశాఖపై జపాను బాంబులు పడిన దరిమిలా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలింది. 2014లో ఉక్రెయిన్‌లోని దొనేత్స్క్‌ విశ్వవిద్యాలయం విన్నిత్సాకు తరలింది. సంస్థ చేరిన ఊరు చరిత్రకెక్కుతుంది. అధ్యాపకుల మనోవేదన ఎక్కదు.

ఆ వేదన స్త్రీ పురుషులకు ఒక్కటి కాదు. అయితే అది స్వభావ భేదమని కొట్టివేయరాదు. 2022లో ఉక్రెయిన్‌ 18–60 ఏళ్ల పురుషులలో అత్యధికులను దేశం దాటనివ్వలేదు. సరిహద్దు దాటిన అధ్యాపకురాలికి పిల్లల భారం, పరాయి భాష, వెనుక మిగిలినవారిపై బెంగ. ఉండిపోయిన అధ్యాపకునికి సైన్యం పిలుపు ఎప్పుడోనన్న భయం. దానిని పైకి చెప్పుకోనివ్వని పౌరుషం. ఆఫ్ఘనిస్తాన్‌లో తాలిబన్లు 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూశారు. ప్రవాసంలోని అధ్యాపకురాలికి తిరిగి వెళ్లేందుకు తరగతి గదే లేదు. ఈ భేదం కల్పించినది ప్రకృతి కాదు, శాసనం.

ఢిల్లీ పెద్దలు గ్రహించవలసినది ఇదే. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మన దేశం చేరలేదు. ప్రత్యేక చట్టమూ లేదు. చట్టం లేనిచోట దయాదాక్షిణ్యాలే దిక్కు. పాఠం చెప్పే అవకాశం, బిడ్డలకు బడి, మనోవైద్య సహాయం వారికి హక్కుగా దక్కాలి. బియ్యం కొలిచి ఇచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు.