సూది వేయించుకున్నాము సరే, పనిచేసిందా?



"మూడు డోసులూ అయిపోయాయి కదా సిస్టర్, ఇంక రానక్కరలేదు కదా?" అని హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఇంకొక్కసారి రావాలి అన్నదే మా అభిప్రాయం.

టీకా అంటే రాబోయే శత్రువు ఆనవాలును శరీరానికి ముందుగా చూపించడం. ఆ ఆనవాలు పట్టుకొని యాంటీబాడీలు తయారయ్యేలా చూసేవి సి.డి.4 కణాలు. హెచ్.ఐ.వి. దెబ్బతీసేది వాటినే. అందుకే హెపటైటిస్-బి టీకా ఆరోగ్యంగా ఉన్న యువకులలో నూటికి తొంభైమందికి పైగా పనిచేస్తుండగా, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో అంతకంటే బాగా తక్కువమందికే పనిచేస్తుంది. సి.డి.4 సంఖ్య 200 లోపు పడిపోతే మరీ తక్కువ. ఏ.ఆర్.టి. మందులు రోజూ మానకుండా వాడి, వైరస్ అణిగినవారిలో ఫలితం ఎంతో మెరుగు. ఏ బూస్టర్ కంటే ముందు ఆ రోజువారీ బిళ్ళే పెద్ద బూస్టర్ అని మేము చెబుతుంటాము.

హెచ్.ఐ.వి. సోకే దారులలోనే హెపటైటిస్-బి కూడా సోకుతుంది. రెండూ కలిస్తే కాలేయం త్వరగా చెడుతుంది. ఈ టీకాకు మన ప్రాంతంతో సంబంధం ఉంది. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థే 1997లో మన దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. అంతవరకు దిగుమతి సరుకు, సామాన్యునికి అందని ధర. ఇప్పుడు టీకా అందుబాటులో ఉంది. అది పనిచేసిందో లేదో చూసుకునే అలవాటే మనకు రాలేదు.

చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు చేసే రక్తపరీక్ష ఉంది. యాంటీ-హెచ్.బి.ఎస్. అంటారు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్లు. తక్కువ వస్తే నిరాశపడనక్కరలేదు. డాక్టరు గారు రెట్టింపు మోతాదుతో మళ్ళీ కోర్సు ఇస్తారు. కొన్నాళ్ళకు ఈ అంకె పడిపోవచ్చు కనుక ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది. బి.పి. చూడకుండా బి.పి. మాత్ర ఇవ్వము కదా! ఈ పరీక్షను కూడా టీకాలో భాగంగానే లెక్కపెట్టాలి, అదనపు ఖర్చుగా కాదు.

మొదటిసారి టీకా పనిచేయనివారికి 2024లో మంచి కబురు వచ్చింది. అలాంటి హెచ్.ఐ.వి. రోగులపై వివిధ దేశాలలో జరిగిన ఒక పరిశోధనలో, సి.పి.జి. 1018 అనే ఉత్తేజక పదార్థం కలిపిన కొత్త హెపటైటిస్-బి టీకా మూడు డోసులు తీసుకున్నవారిలో నూటికి 99 మందికి రక్షణ కలిగింది. పాత రకం టీకా మూడు డోసులతో సుమారు 81 మందికి. మన హైదరాబాదు బయోలాజికల్-ఇ సంస్థ కోవిడ్ కాలంలో చేసిన కార్బివ్యాక్స్‌లో వాడినది కూడా ఈ పదార్థమే.

కోవిడ్ టీకాల సంగతీ చెప్పాలి. 2021 మార్చి 1 నుంచి 45 - 59 ఏళ్ళవారిలో ఇతర జబ్బులున్నవారికి టీకా మొదలైనప్పుడు, ఆ జబ్బుల జాబితాలో హెచ్.ఐ.వి. కూడా ఉంది. కాని అప్పుడు డాక్టరు సర్టిఫికెట్ చూపించవలసి వచ్చేది. క్యూలో తెలిసినవాళ్ళ ముందు ఆ కాగితం ఎవరు తీస్తారు? జంకినవారిని మేము తప్పుపట్టము. అయితే టీకా ఇచ్చే నర్సుకు మాత్రం విషయం తెలియాలి. ఎందుకంటే సి.డి.4 బాగా తక్కువ ఉన్నవారికి తట్టు వంటి, బ్రతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు ఇవ్వకూడదు. 2017 నాటి హెచ్.ఐ.వి. - ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మీరు నమ్మి చెప్పిన విషయం మీ అనుమతి లేకుండా బయటపెట్టడం దాని ప్రకారం చట్టవిరుద్ధం. సంఘములోని పెద్దలు కూడా "ఏ టీకాకు వెళ్ళారు, ఎందుకు?" అని ఆరా తీయడం మానాలని మా మనవి.

రెండు డోసులతో ఆపేసినవారు మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. మిగిలిన డోసు వేయించుకుంటే చాలు. పాత కార్డు పోయినా రండి, ఏ సంవత్సరం వేయించుకున్నారో గుర్తున్నంత చెప్పండి.