మనసుకూ సాధన అవసరమే

పిల్లల శరీరానికి వ్యాయామం అవసరమన్న సంగతి నేడు ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పొన్నూరు, నిడుబ్రోలు, బాపట్ల, తెనాలి పరిసరాలలో కాస్త ఖాళీ స్థలం ఉంటే చాలు, సాయంత్రానికి అక్కడ వికెట్లో, వాలీబాల్ నెట్టో, కబడ్డీ గీతలో వెలుస్తాయి. అస్ర్ నమాజు ముగియగానే మా మదరసా విద్యార్థుల అడుగులూ అటే సాగుతాయి. మేము వారిని వారించము. ఆరోగ్యవంతమైన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అయితే ఆట ముగించి ఇల్లు చేరిన బిడ్డ ముఖాన్ని నిదానంగా చూసే తల్లిదండ్రులు ఎందరు? చెప్పులైనా విడవకముందే మనం వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: "గెలిచావా, ఓడావా?" ఈ ప్రశ్న బిడ్డ మనసులో చేసే పని ఎటువంటిదో ఈ మాసం ఆలోచిద్దాం.

వెయ్యిసార్లు సాధన చేసిన షాట్ మ్యాచ్‌లో ఎందుకు తప్పిపోతుంది? భయం కలిగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. చూపు బంతి మీద ఉన్నా ధ్యాస మాత్రం గట్టున నిలబడిన తండ్రి మీదికి పోతుంది. ఇది పిరికితనం కాదు, దేహ స్వభావం. కొంత ఉద్వేగం పనికి ఊతమిస్తుందనీ, అది హద్దు మీరితే కష్టమైన పనిని చెడగొడుతుందనీ యెర్కెస్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు 1908లోనే ఎలుకలపై ప్రయోగాలు జరిపి ప్రతిపాదించారు. ఆ ఉద్వేగాన్ని హద్దులో ఉంచడం సాధనతో అలవడే విద్య. అందుకే పెద్ద జట్లు దీనికి ప్రత్యేక శిక్షకులను నియమించుకుంటున్నాయి. 2011లో ప్రపంచకప్ గెలిచిన మన క్రికెట్ జట్టుకూ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన మన పురుషుల హాకీ జట్టుకూ ప్యాడీ అప్టన్ అనే శిక్షకుడు మానసిక సన్నద్ధత నేర్పాడు.

మనకు తెలిసిన ఉదాహరణే చూద్దాం. హైదరాబాదుకు చెందిన ముహమ్మద్ సిరాజ్ ఒక ఆటో డ్రైవర్ కుమారుడు. 2020 నవంబరులో అతడు ఆస్ట్రేలియాలో జట్టుతో ఉండగా తండ్రి మరణించారు. ఇంటికి వెళ్ళే అవకాశం ఇచ్చినా జట్టుతోనే ఉండిపోయాడు. సిడ్నీలో ప్రేక్షకులలో కొందరు దూషించినప్పుడు వారితో వాదులాటకు దిగలేదు. కెప్టెన్‌కూ, అంపైర్లకూ తెలియజేసి, తిరిగి తన బౌలింగ్ అందుకున్నాడు. బ్రిస్బేన్‌లో అయిదు వికెట్లు తీశాడు.

అంతకన్నా పెద్ద పాఠం 2025 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో లభించింది. ఇంగ్లాండ్ లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద కొట్టిన బంతిని సిరాజ్ పట్టుకున్నాడు గానీ, అతని కాలు బౌండరీ తాడును తాకింది. వికెట్ దక్కకపోగా ఆరు పరుగులు సమర్పించుకోవలసి వచ్చింది. బ్రూక్ 111 పరుగులు చేశాడు. కోట్లాది మంది చూస్తుండగా జరిగిన పొరపాటు అది. మరునాడు ఇంగ్లాండ్ గెలుపుకు కావలసినవి 35 పరుగులే. ఆ ఉదయం 'నమ్ము' అనే అర్థమిచ్చే మాట ఉన్న చిత్రాన్ని తన ఫోను తెరపై పెట్టుకున్నానని సిరాజ్ తరువాత తానే చెప్పాడు. మిగిలిన నాలుగు వికెట్లలో మూడు అతడే తీశాడు. మన జట్టు ఆరు పరుగుల తేడాతో గెలిచింది. తాడును తాకిన కాలిని వెనక్కి తీసుకోలేడు. అతని చేతిలో ఉన్నది తరువాతి బంతి మాత్రమే.

మేలు కలిగించే దాని కొరకు పాటుపడమనీ, అల్లాహ్ సహాయం కోరమనీ, నిస్సహాయులై కూర్చోవద్దనీ మహాప్రవక్త (స) బోధించారు. ఏదైనా కష్టం కలిగినప్పుడు 'అలా చేసి ఉంటే ఇలా అయ్యేది' అని వాపోవద్దనీ, ఆ మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందనీ హెచ్చరించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు సారాంశం. దీని భావం పొరపాటును పరిశీలించవద్దని కాదు. తాడు ఎంత దూరంలో ఉందో చూసుకోవడం నేర్చుకుంటే అది పాఠం. అదే దృశ్యాన్ని రాత్రంతా తలచి కుమిలిపోతే అది పశ్చాత్తాపమూ కాదు, పాఠమూ కాదు. వృథా శిక్ష మాత్రమే.

మన గుంటూరుకు చెందిన షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్. టోర్నీ మధ్యలో కోవిడ్ సోకి మ్యాచ్‌లకు దూరమయ్యాడు. తిరిగి వచ్చి ఆస్ట్రేలియాపై సెమీఫైనల్‌లో 94, ఇంగ్లాండ్‌పై ఫైనల్‌లో 50 పరుగులు చేశాడు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో రింగుకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్‌గా నిలిచింది. ఆటలాడే మన ఆడపిల్లలకూ ఈ మనోబలం అంతే అవసరం.

మరి మన ఇళ్ళలో చేయగలిగిందేమిటి? రోజూ కొద్ది నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కించే వరకు గాలి పీల్చి, ఆరు లెక్కించే వరకు నెమ్మదిగా వదలడం పిల్లలకు అలవాటు చేయండి. మ్యాచ్ రోజున మాత్రమే చేస్తే అక్కరకు రాదు. ప్రతి బంతికీ, ప్రతి సర్వీసుకూ ముందు ఒకే క్రమం పాటించమనండి. చేయబోయే పనిని కళ్ళు మూసుకుని ఊహించుకోమనండి. 'ఓడకూడదు' అనుకోవడానికి బదులు 'బంతిని చూడు' వంటి చిన్న మాటను మనసులో చెప్పుకోమనండి. జట్టును నడిపేవారు మ్యాచ్ తరువాత ఏది బాగా చేశాం, ఏది సరిదిద్దుకోవాలి, రేపు దేనిని సాధన చేయాలి అన్న మూడు ప్రశ్నలు అందరినీ అడగాలి. తప్పు చేసిన ఒక్కని వైపు వేలు చూపరాదు.

ఇక నమాజు గురించి ఒక మాట. నమాజు గెలుపు కోసం చేసే కసరత్తు కాదు, అది ఆరాధన. దానివలన హృదయానికి నెమ్మది కలుగుతుంది, నిజమే. కానీ దుఆ చేసి సాధన మానివేయడం తవక్కుల్ అనిపించుకోదు. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్నదే ప్రవక్త (స) బోధన. అలాగే బిడ్డకు వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా దానిని ఈమాన్ బలహీనతగా భావించి మందలించకండి. వైద్యునికి చూపించండి. ప్రభుత్వ టెలీమానస్ ఉచిత సేవ 14416 నంబరులో లభిస్తుంది.

ప్రవక్త (స) వారి ఒంటె అద్బా పరుగులో ఓటమి ఎరుగనిది. ఒకనాడు ఒక పల్లెవాసి తెచ్చిన ఒంటె దానిని మించిపోయింది. సహాబాలకు అది ఎంతో బాధ కలిగించింది. లోకంలో పైకెదిగిన ప్రతిదానినీ అల్లాహ్ కిందికి దించుతాడని ప్రవక్త (స) వారికి చెప్పారని బుఖారీ ఉల్లేఖనం. గెలుపూ ఓటమీ ఎవరికీ శాశ్వతం కావు. తల్లిదండ్రుల ప్రేమ మాత్రం స్కోరును బట్టి మారరాదు. అందుచేత బిడ్డ ఇల్లు చేరగానే ముందు మంచినీళ్ళివ్వండి. ఆపై "ఈరోజు ఏం నేర్చుకున్నావు నాయనా?" అని అడగండి. గెలిచాడో లేదో అతడే చెబుతాడు.

అల్లాహ్ మన సంతానానికి దృఢమైన దేహాన్నీ, నిలకడగల మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.