టాపు తీసేద్దామన్నాడు!

మా పెదనాన్నగారి అంబాసిడర్ 1972 మోడల్. ఆయన పోయాక పదిహేనేళ్లు పశువుల పాకలోనే ఉండిపోయింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. ఓరోజు వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ''ఒరేయ్, మన పిల్ల పెళ్లి ఊరేగింపు నాన్న కార్లోనే. టాపు కోయించి ఓపెన్ కారు చేయిద్దాం. కార్ల గురించి రాస్తుంటావుగా, నువ్వూ రా'' అన్నాడు.

లారీకెక్కించి బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. లారీలకు బాడీలు కట్టే చోట ఒక కారుకు టాపు తీయలేరా అన్నది అన్నయ్య ధీమా. డెంటింగ్ మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు మూల జాకీ పెట్టి పైకి లేపాడు. డ్రైవరు పక్క తలుపు వేయమన్నాడు. పడలేదు. జాకీ దించాడు. పడింది!

''చూశారా బాబూ! తలుపుల కింద పట్టీ తుప్పు తినేసింది. టాపు ఉండగానే బండి ఇలా మెలిక పడుతోంది. అది కూడా తీసేస్తే నడుం విరుగుద్ది'' అన్నాడు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. లారీకి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. ఇంజిన్‌తో సహా ఛాసిస్ కంపెనీ నుంచి వస్తే, బాడీ ఆటోనగర్‌లో కట్టుకోవచ్చు. పాత జీపులదీ అదే పద్ధతి. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకూ వేరే ఛాసిస్ ఉండేది. అంబాసిడర్‌కు అలాంటిది లేదు. ఫ్లోరు, స్తంభాలు, టాపు అన్నీ కలిసే బరువు మోస్తాయి. దూలాలు లేని ఇంట్లో గోడలే కప్పును మోసినట్టు! అలాంటి కారుకు టాపు తీయాలంటే కింద అంతకంత బలం కట్టాలి. ఓపెన్ కార్లు తయారుచేసే కంపెనీలు చేసేదీ అదే.

''ఎంతయినా పర్లేదు, కట్టించు'' అన్నాడు అన్నయ్య. అప్పుడు నేను అడ్డుపడ్డాను. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. రంగు మార్పులాంటి చిన్నవాటికే వీలుంది, అదీ ఆర్‌సీలో రాయించుకుని.

ఇంకో సంగతీ ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లను, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. షరతు ఒకటే: ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. పెదనాన్న కారుకు యాభై నిండాయి. కట్టర్ పెట్టిన క్షణంలో ఆ అర్హత పోతుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కోసింది అతికించుకోవచ్చునేమోగానీ కొత్తది కొనుక్కోలేం.

అన్నయ్య ఇంకా నసుగుతుంటే పెద్దమ్మకు ఫోన్ కలిపాను. ''ఆ టాపు మీదే పరుపులు కట్టించి మీ పెదనాన్న మమ్మల్ని తిరుపతి తీసుకెళ్లార్రా. దాన్ని కోస్తారా?'' అంది. అంతే, అన్నయ్య నోరు మూతపడింది.

మేస్త్రి తుప్పు పట్టిన పట్టీలు తీసి, అదే కొలతకు కొత్త రేకు మలిచి వెల్డింగ్ చేశాడు. మీ ఇంట్లోనూ పాత కారుంటే రంగు చూసి మురిసిపోకండి. తలుపుల కింద అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పమే!

వింటేజ్ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. అందుకే ఊరేగింపు అద్దె జీపులో జరిగింది. అంబాసిడర్ పందిరి ముందు పూలదండలతో నిలబడింది. అందరికంటే ముందు వెళ్లి వెనక సీట్లో కూర్చుంది మాత్రం పెళ్లికూతురు కాదు, పెద్దమ్మ!