మంచు మీద మార్కులు

1984 సరయేవో ఒలింపిక్స్‌లో జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ జంట ఐస్ డాన్స్ మోకాళ్ల మీద మొదలైంది. అది అందానికే కాదు, లెక్కకు కూడా. వాళ్లు ఎంచుకున్న రవెల్ ‘బొలెరో’ ఎంత కుదించినా అనుమతించిన సమయాన్ని దాటిపోయింది. స్కేటు బ్లేడు మంచును తాకాకే గడియారం మొదలవుతుందన్నది అప్పటి నిబంధన. అందుకే తొలి క్షణాలన్నీ మోకాళ్ల మీదే! తొమ్మిది మంది జడ్జీలూ కళాత్మకతకు పూర్తి మార్కులు, అంటే 6.0 ఇచ్చారు.

ఆ 6.0 ఇప్పుడు లేదు. 2002 సాల్ట్ లేక్ సిటీలో పెయిర్స్ స్కేటింగ్ తీర్పు రచ్చకెక్కి, రెండో జంటకూ స్వర్ణం ఇవ్వాల్సి రావడంతో పాత పద్ధతికి నూకలు చెల్లాయి. ఇప్పుడు సాంకేతిక బృందం ఒక్కో విన్యాసానికి స్థాయి నిర్ణయిస్తుంది. జడ్జీలు దాని నాణ్యతకు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. అత్యధికం, అత్యల్పం తీసేసి సగటు కడతారు. కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యాలకు వేరే మార్కులు.

అయినా పేచీలు తగ్గలేదు. పెయిర్స్‌లోలా ఐస్ డాన్స్‌లో భాగస్వామిని గాల్లోకి విసరరు. కింద పడితే పిల్లవాడైనా పట్టేస్తాడు. కానీ బ్లేడు లోపలి అంచు మీద వాలిందా, బయటి అంచు మీదా అన్నది తేల్చాలంటే వీడియో తిప్పి చూడాల్సిందే.

పేచీ మార్కుల దగ్గరే ఆగదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఐస్ డాన్స్‌లో ఒక విభాగానికి జానపదం అంశమైతే, అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలకు ఆడి మెప్పించారు. చివరికి రజతం గెలిచారు. ఆస్ట్రేలియా ఆదివాసుల వేషం కట్టిన రష్యా జంట మాత్రం ఆ ఆదివాసుల పెద్దల నుంచే విమర్శలు ఎదుర్కొంది. వేషం ఎవరిదన్న ప్రశ్నకు మార్కుల పట్టికలో గడి లేదు.