లండన్ నుండి పారిస్‌కు గంటా పావేనా?

గత మాసం ఒకనాడు జుహర్ తర్వాత పాఠానికి కూర్చోబోతుండగా మా మొహల్లాకు చెందిన మిత్రుడొకరు ఫోన్ చేశారు. ఆయన కుమారుడు లండన్‌లో చదువుకుంటున్నాడు. పారిస్‌లో ఉంటున్న మేనత్తను చూసి రావాలని విమానం టికెట్టు కొన్నాడట. "గంటా పావు ప్రయాణమే కదా మౌలానా, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వస్తానన్నాడు. విమానం ఎక్కనివ్వనే లేదు" అని వాపోయారు.

అబ్బాయి లెక్క పూర్తిగా తప్పు కాదు. లండన్, పారిస్‌ల మధ్య వాయుమార్గాన దూరం సుమారు 344 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి విజయవాడకు రోడ్డు మీద వెళ్ళేదానికి కాస్త ఎక్కువ, అంతే. విమాన సంస్థలు చెప్పేదీ గంటా పావే. అందులో గాలిలో ఉండే సమయం సుమారు మూడు పాతిక గంట మాత్రమే. మిగిలినది రన్‌వే దాకా వెళ్ళడానికి, దిగాక గేటు చేరడానికి సరిపోతుంది.

అయితే మనం ప్రయాణించేది గేటు నుండి గేటుకు కాదు, ఇంటి నుండి ఇంటికి. నగరం నుండి హీత్రూ చేరడానికి గంట. రెండు గంటలు ముందుగా ఉండాలి. పారిస్‌లో దిగాక పాస్‌పోర్టు వరుస. ఆ విమానాశ్రయం నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఉన్నది. అన్నీ కలిపితే ఐదారు గంటలు!

రైలు సంగతి వేరు. లండన్ నడిబొడ్డున సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కితే సుమారు 2 గంటల 20 నిమిషాలకు పారిస్ నడిబొడ్డున గార్ దు నోర్‌లో దింపుతుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగం. గంట ముందు స్టేషనుకు చేరినా నాలుగు గంటల్లో పని అయిపోతుంది. 1919 ఆగస్టు 25న ఈ నగరాల మధ్య రోజువారీ విమాన సర్వీసు మొదలైనప్పుడు ఆకాశంలో పట్టిన కాలం సుమారు రెండున్నర గంటలు. నేటి రైలు నాటి విమానంతో సమానమన్నమాట.

టికెట్టు చూసేటప్పుడు ఇంకొక మెలిక. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. పదింటికి బయలుదేరి ఒంటిగంటా ఇరవైకి చేరుతుందని రాసి ఉంటే మూడు గంటలు దాటిందని కంగారు పడనక్కర లేదు.

ఇక ఎందుకు ఎక్కనివ్వలేదు? బ్రిటన్ విద్యార్థి వీసా ఫ్రాన్సుకు చెల్లదు. భారతీయ పాస్‌పోర్టు గలవారికి షెంజెన్ వీసా వేరుగా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. రైలులో వెళ్తే తప్పించుకోవచ్చునని కొందరనుకుంటారు. అదీ కుదరదు. ఫ్రాన్సు అధికారులు లండన్ స్టేషనులోనే పాస్‌పోర్టు చూస్తారు. మా దృష్టిలో ఆ రెండు నగరాల మధ్య అసలు దూరం ఈ పదిహేను రోజులే.

ఇదంతా విన్నాక మిత్రుడు కాసేపు మౌనంగా ఉండి, "సరే మౌలానా, వీసా తీసుకుని రైలులోనే వెళ్ళమంటాను. మరి సముద్రం కింద ఎంతసేపు?" అని అడిగారు. 1994లో తెరచిన ఆ సొరంగం పొడవు 50 కిలోమీటర్ల పైచిలుకనీ, దాటడానికి ఇరవై నిమిషాలు పడుతుందనీ చెప్పాము. "వాళ్ళమ్మకు మాత్రం ఆ మాట చెప్పకండి" అన్నారు.