చెత్తదిబ్బలు - తప్పిన దినముల లెక్క

2022వ సంవత్సరమున జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణ ప్రభుత్వముపై 3,800 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారము విధించెను. ఆ మొత్తమును విని ఆశ్చర్యపడినవారు పెక్కురు. అది యెట్లు కట్టబడినదో విచారించినవారు కొందరే. శుద్ధిగాని మురుగునీటికి, దినమునకు పదిలక్షల లీటర్లకు రెండుకోట్ల చొప్పున 3,648 కోట్లు. ఏండ్లతరబడి పేరుకొన్న 59 లక్షల టన్నుల చెత్తకు, టన్నునకు 300 రూపాయల చొప్పున 177 కోట్లు. ఈ రెండును కూడగా స్థూలముగా నా సంఖ్య యేర్పడినది. ఈ లెక్క దిబ్బ బరువును తూచినదే గాని, దానిని కనిపెట్టియుండవలసినవారి యశ్రద్ధను తూచలేదు. మా ఫిర్యాదు ఇదియే.

చెత్తదిబ్బను పోషించుట యొకనాటి పనికాదు. 2016వ సంవత్సరపు నియమములు ఏమి విధించెనో చూడుడు. ఏనాటి చెత్తపై నానాడే 10 సెంటీమీటర్లకు తక్కువకాకుండ మట్టి పరవవలెను. వానలకు ముందు 40 మొదలు 65 సెంటీమీటర్లవరకు మందమైన కప్పు వేయవలెను. చెత్తనుండి యూరు నల్లనీటిని పట్టి శుద్ధిచేయవలెను. లోపల పుట్టు వాయువునకు దారి చూపవలెను. దిబ్బను మూసివేసిన పిమ్మటను 15 సంవత్సరములు కావలి కాయవలెను. ఇందులో నే యొక్కటి తప్పినను తప్పిన దినమున కంటికేమియు కనబడదు. కాలువ పూడిన సంగతి ఆరుమాసములకు ఊరి బావులు చెప్పును. 2023 మార్చి 2వ తేదీన కొచ్చి నగరపు బ్రహ్మపురము దిబ్బ యంటుకొని దినములతరబడి పొగలు గ్రక్కెను. ఆ నగరపాలక సంస్థకు నూరుకోట్ల పరిహారము విధింపబడినది మంట చల్లారిన తరువాతనే.

దినపు లెక్క చట్టమున లేదందుమా? కలదు. 2024 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన సవరణ ప్రకారము పర్యావరణ పరిరక్షణ చట్టమును అతిక్రమించినవారికి పదివేలు మొదలు పదునైదులక్షల వరకు జరిమానా. తప్పు కొనసాగినచో దినమునకు మరియొక పదివేలు. పదివేలకు ఎన్ని లారీల మట్టి వచ్చునో యే మేస్త్రిని అడిగినను చెప్పును. మహానగరపు దిబ్బపై మట్టి పరపించుటకంటె జరిమానా చెల్లించుటయే చౌక యగునెడల, గుత్తదారు దేనిని ఎన్నుకొనునో మేము చెప్పనక్కరలేదు. ట్రిబ్యునల్ 2020 జనవరిలో నెలవారీ రేట్లను నిర్ణయించినది. పదిలక్షల జనాభా దాటిన స్థానికసంస్థకు నెలకు పదిలక్షలు. అట్లయిన పదునొకండులక్షల పట్టణమునకును కోటిజనుల నగరమునకును ఒకటే వెల!

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రము వీనికంటె వివేకముగలది. పద్ధతిప్రకారము పరిష్కరింపక విడిచిన చెత్తకు, టన్నునకు 2 లక్షల 40 వేల చొప్పున నొకసారియు, నడపుటలో మిగుల్చుకొన్న ఖర్చుక్రింద టన్నునకు 2,000 చొప్పున ప్రతిదినమును వేసి, పరిసరములకు కలిగిన హానిని అదనముగా చేర్చును. దినమునకు నూరుటన్నుల లోటున్నచో మొదట 2 కోట్ల 40 లక్షలు, పిదప దినమునకు రెండేసిలక్షలు. ఎగవేసినవానికి లాభము మిగులరాదను న్యాయమిందులో గలదు. అయినను ఇదియు టన్నుల లోటునే యెన్నును. తెచ్చిన చెత్తనంతయు దిబ్బకు చేర్చి, దిబ్బను మాత్రము గాలికి విడిచినవాని లోటు ఈ లెక్కలో సున్నయే కాగలదు.

కావున తప్పిన ప్రతి విధికిని వేరువేరుగా దినములు లెక్కింపవలెనని మా యభిప్రాయము. మట్టి పరవని దినములొక పద్దు. నల్లనీటి పంపు నిలిచిన దినములు వేరొక పద్దు. తనిఖీలో తప్పు బయలుపడిన నాటినుండి లెక్క మొదలుకావలెను. బాగుచేసితిమని గుత్తదారు వ్రాసిన యుత్తరముతోగాక, మరల తనిఖీచేసి చూచిననాడే నిలువవలెను. చేయని పనికి మిగిలిన సొమ్ముకంటె జరిమానా యధికముగానుండవలెను.

పొగ పీల్చుచున్నవారి పన్నులనుండియే గదా పురపాలకసంఘము ఈ జరిమానా కట్టునని కొందరందురు. ఈ యాక్షేపణ మాకును బాధ కలిగించుచున్నది, త్రోసివేయదగినది కాదు. గుత్తదారు ఉన్నచోట వాని బిల్లునుండియే కోయుడు. వసూలైన సొమ్మును ప్రభుత్వ ఖజానాలో కలుపక, ఆ దిబ్బ పేరిటనే యుంచి ఆ దిబ్బకే వెచ్చింపుడు. బీద పురపాలకసంఘములకు గడువిచ్చి, గడువులోపల పని ముగించినవారికి కొంత తగ్గించినను తగ్గింపవచ్చును. దినముల లెక్కను మాత్రము ఆపరాదు.

హైదరాబాదు చెంతనున్న జవహర్‌నగరు దిబ్బపై కప్పు వేసినారు. దాని నల్లనీరు చేరి మల్కారము చెరువు చెడిన సంగతి లోకవిదితము. ఆ కప్పును కాయవలసిన దినములు, పదునైదేండ్లే యనుకొన్నను, 5,475. అవి యెట్లు గడచుచున్నవో దినదినము వ్రాసిన పుస్తకమును ద్వారముకడనే యుంచి, చుట్టుప్రక్కల కాపురమున్నవారు విప్పి చూచుకొనుటకు వీలు కల్పింపవలెనని అధికారులను కోరుచున్నాము.